ఒకే మంచం, నాలుగు కాగితాలు

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ. వయసు 78. ఆపరేషన్ అయ్యాక ఇది మూడో రోజు. ఊహించి రాస్తున్న కేసే ఇది. కానీ వార్డులో పనిచేసిన ఎవరికైనా ఇలాంటి ఆవిడ ఒకరు గుర్తొస్తారు.

పొద్దున్నే ఫిజియోథెరపిస్టు వచ్చి ఆవిడను మంచం దింపి నిలబెట్టారు. లేచీ లేవగానే కళ్లు తిరిగాయి. మళ్లీ కూర్చోబెట్టి, తన కాగితంలో "నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, నడక రేపటికి వాయిదా" అని రాసి పక్క వార్డుకు వెళ్లిపోయారు. రౌండ్సుకు వచ్చిన డాక్టరు రక్తపరీక్ష చూశారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ నిన్నటికన్నా పెరిగింది. అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్నమాట. "రేపు మళ్లీ పరీక్ష" అని రాశారు. మందుల చీటీ తిరగేసిన ఫార్మసిస్టుకు బీపీ మాత్ర, ఒంట్లో నీరు లాగేసే మాత్ర, వాటికి తోడు నిన్ననే మొదలుపెట్టిన నొప్పి మాత్ర ఒకే వరసలో కనిపించాయి. కొన్ని రకాల బీపీ మాత్రలతో ఈ మిగతా రెండూ కలిస్తే కిడ్నీలకు గండమని ఫార్మసీ చదివినవాళ్లకు కంఠతా వచ్చిన పాఠం. ఒక నోట్ పెట్టారు. అది ఫైల్లో వెనక పేజీల్లో ఉండిపోయింది. ఇక నర్సుకు తెలిసిన సంగతి వేరే. ఆవిడ రెండు రోజులుగా నీళ్లు సరిగా తాగడం లేదు. దాహం లేక కాదు. తాగితే మాటిమాటికీ బెడ్‌పాన్ అడగాలి, అది ఆవిడకు మొహమాటం. ఈ ముక్క ఏ కాగితంలోనూ లేదు. రాయడానికి గడి ఉంటే కదా!

నాలుగు ముక్కలూ ఒకచోట పెట్టి చూస్తే చిక్కు ఇట్టే విడిపోతుంది. ఒంట్లో నీరు తగ్గింది, మందులు దాన్ని ఇంకా లాగేస్తున్నాయి, కిడ్నీలు మొరాయిస్తున్నాయి, అందుకే లేస్తే బీపీ పడిపోతోంది. రేపు నడిపించబోతే ఆవిడే పడిపోవచ్చు. నలుగురిలో ఎవరూ పని ఎగ్గొట్టలేదు, ఎవరి కాగితం వాళ్లు పద్ధతిగానే నింపారు. పెద్దావిడ మాత్రం ఆ కాగితాల మధ్య సందులో ఇరుక్కుపోయింది.

ఆ సందును పూడ్చే పని ఉద్యోగంలో చేరాక కాదు, చదువుకునే రోజుల్లోనే నేర్పాలన్న ఆలోచనకు ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ అని పేరు. నోరు తిరగదు కాబట్టి అందరూ ఐపీఈ అనేస్తారు. వినడానికి ఇంత సులువైన ఆలోచనకు ఎవరూ అడ్డు చెప్పరు. అయినా యాభై ఏళ్లుగా అది ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకటిన్నర అడుగు వేస్తూనే ఉంది. ఎందుకో చూద్దాం.

బరువంతా విభక్తుల్లోనే

ఇది కొత్త ముచ్చటేం కాదు. ఆరోగ్య బృందానికి చదువు ఎలా చెప్పాలన్న అంశం మీద అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1972లోనే సదస్సు పెట్టింది. బ్రిటన్‌లో ఇదే పని కోసం కెయిప్ అనే సంస్థ 1987లో పుట్టింది. ఆ మరుసటి ఏడే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం కోసం కలిసి పనిచేయాలంటే కలిసి నేర్చుకోవాలంటూ ఒక నివేదిక వేసింది. 2010లో అదే సంస్థ ఇచ్చిన నిర్వచనాన్ని ఇప్పుడు అందరూ వాడుతున్నారు: రెండు లేదా అంతకన్నా ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి, దానివల్ల సహకారం కుదరాలి, రోగి ఆరోగ్యం బాగుపడాలి.

ఈ వాక్యం బరువంతా విభక్తుల మీదే ఉంది. గురించి, నుంచి, తో. చాలా కాలేజీలు మూడోదాన్ని మాత్రమే పట్టుకుంటాయి, అదీ పైపైన. పెద్ద హాల్లో మెడికల్, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులను ఒకేసారి కూర్చోబెట్టి అనాటమీ పాఠం చెప్తే, పక్కపక్కన కూర్చున్నారే తప్ప ఒకరితో ఒకరు నేర్చుకున్నట్టు కాదు. రైలు పెట్టెలో ఎదురెదురుగా కూర్చున్న ప్రయాణికులు కలిసి ప్రయాణం చేస్తున్నారని అనగలమా? ఎవరి స్టేషన్ వాళ్లది.

"గురించి" అంటే ఎదుటివాళ్ల పనేమిటో తెలియడం. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, ఆక్యుపేషనల్ థెరపిస్టు (జబ్బుపడ్డవాళ్లు స్నానం, తిండి లాంటి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తీర్చిదిద్దేవాళ్లు) ఏం చేస్తారో చెప్పమంటే తడబడే డాక్టర్లు తక్కువేమీ ఉండరు. స్ట్రోక్ వచ్చినవాళ్లకు నోట్లోకి మొదటి ముద్ద వెళ్లేముందు మింగడం సరిగా ఉందో లేదో చూడటంలో స్పీచ్ థెరపిస్టు పాత్ర ఉందని, వాళ్ల పని మాటలు నేర్పడం ఒక్కటే కాదని ఎంతమందికి తెలుసు? ఎదుటివాళ్లకు ఏం తెలుసో మనకు తెలియకపోతే, వాళ్లను ఏం అడగాలో కూడా తెలియదు.

"నుంచి" అన్నదగ్గర అసలు ముల్లు గుచ్చుకుంటుంది. నర్సింగ్ విద్యార్థిని నుంచి మెడికల్ విద్యార్థి నేర్చుకోవాలంటే, తనకు తెలియనిది ఆమెకు తెలుసని ముందు ఒప్పుకోవాలి. ఏ సిలబస్ కమిటీ అయినా ఈ మాటను రాయగలదు. ఒప్పించడం వేరే పని.

ఎవరి చదువు వాళ్లది

వైద్య వృత్తులు పుట్టడమే వేరువేరుగా పుట్టాయి. ప్రతి వృత్తికీ తన కాలేజీ, తన పరీక్ష, తన రిజిస్ట్రేషన్, తన దుస్తులు, తన యాస ఉన్నాయి. "స్టేబుల్" అనే ఒక్క మాట తీసుకోండి. డాక్టరుకు అది బీపీ, నాడి, ఆక్సిజన్ అంకెలు. ఫిజియోథెరపిస్టుకు కాలు నేల మీద నిలవడం. సోషల్ వర్కర్‌కు ఇంటికెళ్తే చూసుకునే మనిషి ఉండటం. ముగ్గురూ "పేషెంటు స్టేబుల్" అని రాస్తారు, ముగ్గురూ వేరే సంగతి చెప్తున్నారు. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన అంతర్జాతీయ కమిషన్ వైద్య విద్య మీద ఇచ్చిన నివేదికలో దీనికి వాడిన మాట కాస్త ఘాటుగానే ఉంది: వృత్తుల తెగతత్వం, అంటే ఎవరి తెగ వాళ్లదే అన్న ధోరణి.

దీనికి హోదా తోడవుతుంది. అమెరికన్ సైకియాట్రిస్టు లియొనార్డ్ స్టైన్ 1967లో "డాక్టర్-నర్స్ ఆట" అని ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆ ఆటకు నియమం ఒకటే. నర్సు సలహా ఇవ్వాలి, కానీ ఇచ్చినట్టు కనిపించకూడదు. డాక్టరు ఆ సలహా తీసుకోవాలి, కానీ తీసుకున్నట్టు కనిపించకూడదు. అర్ధరాత్రి ఫోన్ చేసిన నర్సు "ఆవిడకు నిద్ర పట్టడం లేదు డాక్టర్" అంటుంది. "పాత చీటీలో ఏ మాత్ర పనిచేసింది?" అని ఆయన అడుగుతాడు. ఆమె పేరు చెప్తుంది. ఆయన అదే పేరును ఆర్డరుగా తిరిగి చెప్తాడు. "థాంక్యూ డాక్టర్!" మందు నిర్ణయించింది ఎవరో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. స్టైన్ మరో ఇద్దరితో కలిసి 1990లో ఇదే విషయానికి తిరిగి వచ్చి, నర్సులు ఈ ఆట నుంచి తమంతట తామే తప్పుకుంటున్నారని రాశాడు. తప్పుకున్న మాట నిజమే కావచ్చు. కానీ ఏ వార్డులోనైనా ఒక రాత్రి డ్యూటీ చెవులు రిక్కించి వింటే, ఆట పూర్తిగా ఆగిపోలేదని నాకనిపిస్తుంది.

మామూలు రోజున ఈ ఆట హాస్యంగానే సాగిపోతుంది. గడియారం పరుగెత్తుతున్నప్పుడే ప్రాణం మీదికి వస్తుంది.

చెప్పారు, వినపడలేదు

2005 మార్చిలో ఇంగ్లండ్‌లో 37 ఏళ్ల ఆవిడ సైనస్ ఆపరేషన్‌కు వెళ్లింది. పెద్ద జబ్బేం కాదు, ముందే తేదీ పెట్టుకున్న మామూలు ఆపరేషన్. మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం లోపలికి వెళ్లలేదు. అనుభవం ఉన్న ముగ్గురు డాక్టర్లు ఆమె చుట్టూ చేరి అదే పని మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. గొంతు దగ్గర కోసి గాలి పంపాల్సిన స్థితి వచ్చిందని గదిలోని నర్సులకు తోచింది. ఒకరు ఆ పరికరాల సెట్ తెచ్చి, తెచ్చానని చెప్పారు. మరొకరు ఐసీయూలో బెడ్ మాట్లాడి, బెడ్ ఉందని చెప్పారు. అంత హడావుడి దేనికన్నట్టు చూపులు ఎదురయ్యేసరికి ఆ బెడ్ రద్దు చేశారు. ఆ సెట్ వాడనేలేదు. మెదడుకు ఆక్సిజన్ అందక, ఆవిడ పదమూడు రోజుల తర్వాత చనిపోయింది. ఏం చేయాలో తమకు తెలుసని, ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదని నర్సులు తర్వాత విచారణలో చెప్పారు.

ఆవిడ భర్త పైలట్. విమాన ప్రమాదం జరిగితే చేసేలాంటి దర్యాప్తు దీనికీ చేయాలని ఆయనే పట్టుబట్టాడు. అందుకు కారణం ఉంది. విమానయాన రంగం ఇదే పాఠాన్ని చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 మార్చి 27న టెనెరిఫె విమానాశ్రయంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలో, ముందున్న విమానం రన్‌వే వదిలిందా లేదా అని ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు. వదిలిందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజినీర్ మళ్లీ అడగలేదు. ఇలాంటి ప్రమాదాల నుంచే కాక్‌పిట్‌లో మాటామంతీ ఎలా ఉండాలో నేర్పే శిక్షణ పుట్టింది. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అంటారు. 1979లో నాసా వర్క్‌షాపుతో మొదలై, తర్వాత విమానయాన సంస్థలన్నిటికీ పాకింది.

ఈ రెండు ఉదంతాలనూ ఐపీఈ పాఠాల్లో తెగ చెప్తారు. చెప్పి, "కాబట్టి నోరు విప్పండి" అని ముగిస్తారు. నాకు అక్కడే పేచీ. ఆ రెండు చోట్లా కింది స్థాయివాళ్లు నోరు విప్పారు కదా! ఇంజినీర్ అడిగాడు. నర్సులు పరికరం తెచ్చామన్నారు, బెడ్ ఉందన్నారు. మాట గాల్లోకి వెళ్లింది, దిగడానికి చోటు దొరకలేదు. లోపం చెప్పడంలో కొంత ఉంటే వినడంలో అంతకన్నా ఎక్కువ ఉంది. మన శిక్షణలు మాత్రం బరువంతా చెప్పేవాళ్ల నెత్తిన పెడుతున్నాయి.

ఫోన్ ఎత్తాక మొదటి నిమిషం

అలాగని చెప్పే పద్ధతి నేర్పడం దండగ అనడం లేదు. అది ముందు చూద్దాం.

రాత్రి రెండింటికి నర్సు ఫోన్: "సార్, పన్నెండో బెడ్ పేషెంటు కొంచెం నలతగా ఉన్నారు... మధ్యాహ్నం కూడా అలాగే ఉన్నారు... వాళ్లబ్బాయి కంగారు పడుతున్నాడు, ఒకసారి వస్తారా?" అవతల నిద్రమత్తులో ఉన్న డాక్టరుకు ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. "పొద్దున చూద్దాం" అంటారు.

ఇదే ఫోన్ ఇంకోలా: "సార్, సర్జికల్ వార్డు నుంచి. పన్నెండో బెడ్ పేషెంటుకు బీపీ 84/50, నాడి 124. నిన్న పొద్దున పేగు ఆపరేషన్ అయింది, సాయంత్రం వరకు బీపీ 120 పైనే ఉంది. పొట్ట బిగుసుకుంది, లోపల రక్తం పోతోందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఈలోపు సెలైన్ వేగం పెంచి, రక్తం గ్రూపింగ్‌కు పంపమంటారా?"

పరిస్థితి, నేపథ్యం, నా అంచనా, నేను కోరేది. ఈ నాలుగు మెట్ల పద్ధతిని ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడినదాన్ని కైజర్ పర్మనెంటె అనే ఆరోగ్య సంస్థ ఆసుపత్రులకు తెచ్చింది. దీని కిటుకు మూడో, నాలుగో మెట్లలో ఉంది. "నా అనుమానం ఇది", "మీరు ఇది చేయాలి" అనే అధికారాన్ని ఆ ఫారమ్ నర్సు చేతిలో పెడుతోంది. స్టైన్ చెప్పిన ఆటలో సరిగ్గా ఆ రెండు మాటలే నిషిద్ధం. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి రెండు మెట్లు గడగడా చెప్పేసి, మూడో మెట్టు దగ్గరికి రాగానే గొంతు తగ్గించేస్తారు.

అమెరికా ప్రభుత్వ సంస్థలు 2006లో తెచ్చిన టీమ్‌స్టెప్స్ అనే శిక్షణలో ఇంకో పద్ధతి ఉంది. మాట చెల్లకపోతే మూడు గేర్లు. మొదట "నాకు ఆందోళనగా ఉంది." తర్వాత "ఇది నాకు సమ్మతంగా లేదు." అప్పటికీ ఆగకపోతే "ఇది పేషెంటు భద్రతకు సంబంధించిన విషయం." అందరికీ ఈ మూడు వాక్యాల వరస ముందే తెలిసి ఉంటే, మూడోది వినపడగానే చేతిలో పని ఆపాలన్నది ఒప్పందం. గమనించండి, ఇది పనిచేయడానికి వినేవాళ్లకు కూడా ఆ వరస తెలిసి ఉండాలి. నర్సులకు మాత్రమే నేర్పి డాక్టర్లను వదిలేసిన చోట, సిగ్నల్ వెలుగుతుంది కానీ డ్రైవరుకు రంగులు తెలియవు.

విద్యార్థుల చేతికి వార్డు

స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయం 1980ల నుంచే వేరువేరు వృత్తుల విద్యార్థులకు కొంత చదువు కలిపి చెప్తూ వచ్చింది. 1996లో అక్కడ ఒక వార్డునే విద్యార్థులకు ఇచ్చారు. నిజమైన రోగులు, నిజమైన మందులు. చివరి దశకు వచ్చిన మెడికల్, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులు ఒక బృందంగా కొన్నాళ్లపాటు ఆ వార్డును నడుపుతారు. వెనక అనుభవజ్ఞులు ఉంటారు, కానీ చేతులు వెనక్కి కట్టుకుని. ఇలాంటి శిక్షణ వార్డులు తర్వాత చాలా దేశాల్లో వచ్చాయి.

హాల్లో పాఠానికీ దీనికీ తేడా ఎక్కడొస్తుందో సామాజిక మనస్తత్వశాస్త్రం ఎప్పుడో చెప్పింది. పడని రెండు గుంపులను ఊరికే ఒకచోట చేర్చితే వైరం తగ్గదని, దానికి షరతులున్నాయని గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో రాశాడు. ఆ గదిలో ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి, గమ్యం ఒకటే కావాలి, అది ఒకరి సాయం లేకుండా ఇంకొకరికి అందకూడదు, పైవాళ్ల మద్దతు ఉండాలి. వార్డులో పన్నెండు గంటలకల్లా ఆరుగురిని డిశ్చార్జికి సిద్ధం చేయాలంటే ఈ షరతుల్లో చాలావరకు వాటంతట అవే కుదురుతాయి. స్లైడ్లు చూపించినంత మాత్రాన కుదరవు.

అయితే పని చేయడం సగమే. మిగతా సగం షిఫ్టు అయ్యాక గదిలో కూర్చుని జరిగింది తిరగదోడటం. దీన్ని డీబ్రీఫింగ్ అంటారు. మొదట్లో చెప్పిన పెద్దావిడ కేసునే బొమ్మ రోగితో సిమ్యులేషన్‌గా నడిపారనుకోండి. ఆవిడ నడిపించబోతే పడిపోయింది. తర్వాత సంభాషణ ఇలా సాగవచ్చు.

"నీళ్లు తాగడం లేదని ఎప్పుడు తెలిసింది?" అని గురువు నర్సింగ్ విద్యార్థినిని అడుగుతారు.

"నిన్న మధ్యాహ్నమే తెలిసింది మేడమ్."

"రౌండ్సులో చెప్పలేదే?"

"రౌండ్సులో రక్తపరీక్ష గురించి మాట్లాడుకుంటున్నారు. బెడ్‌పాన్ సంగతి అక్కడ ఏం చెప్తామని..."

మెడికల్ విద్యార్థి తల దించుకుని తన కాగితం చూసుకుంటాడు. క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో రాత్రంతా ఆలోచించింది అతనే.

ఈ ఒక్క నిమిషం కోసమే మిగతా ఏర్పాటంతా. మంచి గురువు ఇక్కడ ఉపన్యాసం మొదలుపెట్టరు, ఆ నిశ్శబ్దాన్ని కాసేపు అలాగే ఉండనిస్తారు. అలా నడపగలిగినవాళ్లు దొరకడం మాత్రం కష్టం, ఎందుకంటే గురువులు కూడా విడివిడి కాలేజీల్లో చదువుకుని వచ్చినవాళ్లే.

మిగతా చిక్కుల జాబితా పెద్దదే గానీ తొందరగా చెప్పేస్తాను. అన్నిటికన్నా పెద్ద విలన్ టైమ్‌టేబుల్. ఒకరికి పరీక్షలున్నప్పుడు ఇంకొకరికి పోస్టింగు. ఒక కోర్సులో రెండు వందల మంది, ఇంకో కోర్సులో ముప్ఫై మంది. మొదటి ఏడాదిలో కలిపితే తమ వృత్తి ఏమిటో తమకే తెలియదు, చివర్లో కలిపితే అభిప్రాయాలు గట్టిపడిపోయి ఉంటాయి. నా ఓటు రెండు చోట్లా కలపడానికే, కానీ మొదట్లో తక్కువ, చివర్లో ఎక్కువ. ఇక మార్కులు లేని పాఠాన్ని ఏ విద్యార్థీ చదవడు, ఇందులో వాళ్ల తప్పేం లేదు.

పనిచేస్తుందని రుజువుందా?

ఇక్కడ నిజాయితీగా ఉండాలి. వైద్య పరిశోధనలను కఠినంగా జల్లెడ పట్టే కాక్రేన్ సమీక్ష మొదటిసారి ఐపీఈని పరిశీలించినప్పుడు, వెయ్యికి పైగా వ్యాసాలు చూసి, తమ ప్రమాణాలకు నిలిచినది ఒక్కటీ లేదని తేల్చింది. 2008 నాటికి ఆరు నిలిచాయి. 2013 నాటికి పదిహేను. ఆ పదిహేనులో ఏడింట్లో మంచి ఫలితం, నాలుగింట్లో మిశ్రమ ఫలితం, నాలుగింట్లో ఏ తేడా లేదు. ఒకదానికొకటి పోలిక లేని అధ్యయనాలు కాబట్టి అన్నీ కలిపి ఒక అంకె చెప్పడం కుదరదన్నారు.

దీన్ని "పనిచేయదు" అని చదవకూడదు. కొలవడం నిజంగానే కష్టం. ఈ రోజు రెండో ఏడాదిలో ఉన్న విద్యార్థినికి నేర్పింది, పదేళ్ల తర్వాత ఏదో ఒక రాత్రి ఒక ప్రాణం నిలబెట్టిందని ఎలా లెక్క కడతాం? కష్టం కాబట్టి చాలామంది తేలికైనది కొలుస్తారు. వర్క్‌షాప్ చివర్లో కాగితం పంచి "మీకు నచ్చిందా?" అని అడుగుతారు. నచ్చిందనే రాస్తారు. మధ్యాహ్నం భోజనం కూడా పెట్టారు కదా.

గట్టి అంకెలు దొరికిన చోట కూడా కథ మెలిక తిరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. కోతకు ముందు గదిలో ఉన్న అందరూ తమ పేరు, పని చెప్పుకోవడం అందులో ఒకటి. ఎనిమిది దేశాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసిన ఫలితాలు 2009లో వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతా ఎగబడింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆసుపత్రులన్నీ దాన్ని అమలు చేశాక, 101 ఆసుపత్రుల లెక్కలు తీసి 2014లో ప్రచురిస్తే, చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

కాగితం అదే, ఫలితం వేరు. దీనికి చాలా వివరణలిచ్చారు. నాకు నమ్మశక్యంగా తోచేది ఇది: మొదటి చోట్ల జట్టుకు నేర్పి, మాట్లాడించి మొదలుపెట్టారు, రెండోసారి పైనుంచి ఆదేశం వచ్చింది. ఆదేశం వస్తే టిక్కులు పడతాయి. సర్జన్ ఇంకా చేతులు కడుక్కుంటుండగానే అందరూ పేర్లు చెప్పుకున్నట్టు టిక్కు పెట్టేస్తే, ఆ గదిలో ఎవరికీ ఎవరి పేరూ తెలిసినట్టు కాదు.

వినేవాళ్లకు పాఠం

విద్యార్థి కాలేజీలో ఎన్ని నేర్చుకున్నా, అసలు పాఠం వార్డులో సీనియర్ మొహం చూసి నేర్చుకుంటాడు. ఫార్మసిస్టు డోసు గురించి సందేహం అడిగినప్పుడు పెద్ద డాక్టరు "మంచి పాయింటు, చూద్దాం" అన్నారా, లేక ఫైలు టపీమని మూశారా? ఆ అర సెకను ముందు ఆరు నెలల ఐపీఈ సిలబస్ నిలవదు. రాయని సిలబస్ అంటారు దీన్ని. రాసినదానికన్నా ఇదే బాగా గుర్తుంటుంది.

ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి యూనిట్లలో మందుల పొరపాట్లు లెక్కపెట్టింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. లెక్క తిరగబడింది. నాయకత్వం, సంబంధాలు బాగున్న యూనిట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తరచి చూస్తే అక్కడ తప్పులు ఎక్కువ జరగడం లేదు, తప్పు జరిగిందని చెప్పుకోవడానికి జంకు లేదు. మిగతా చోట్ల రిజిస్టరు శుభ్రంగా ఉంది, అంతే. పొరపాట్ల రిజిస్టరు ఖాళీగా ఉందని సంబరపడే పెద్దలు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

డాక్టర్ల వైపు నుంచి ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. అందులో న్యాయం ఉంది కాబట్టి దాటేయకూడదు. "రేపు కేసు పడితే సంతకం నాదే కదా, బృందం వచ్చి బోనులో నిలబడదు కదా?" నిజమే. పదిమంది చేతిలో పడ్డ పాము చావదన్న సామెత ఊరికే పుట్టలేదు. బృందం అంటే ఓటింగు కాదు. గుండె ఆగిన మనిషి పక్కన కమిటీ మీటింగ్ పెట్టకూడదు, అక్కడ ఒక్క గొంతే ఆజ్ఞ ఇవ్వాలి. కానీ ఆ ఒక్క గొంతు కూడా "మూడు నిమిషాలైంది, నేనేమైనా మర్చిపోతున్నానా?" అని అడగవచ్చు. అడిగితే అధికారం తగ్గదు. నిర్ణయం ఒకరిదే, సమాచారం అందరిది. ఈ రెంటినీ కలగాపులగం చేసినప్పుడే గొడవ వస్తుంది.

ఇప్పుడు పరీక్షల సంగతి. ఎస్‌బార్ నేర్పిన చోటల్లా పరీక్షలో ఫోన్ చేసేది విద్యార్థి. అవతల ఫోన్ ఎత్తే డాక్టరుగా ఒక టీచరో నటుడో కూర్చుంటారు. మార్కులన్నీ చెప్పినవాళ్లకే. దీన్ని తిరగేయాలంటాను. మెడికల్ విద్యార్థిని అవతలి వైపు కూర్చోబెట్టండి. రాత్రి రెండు గంటలని చెప్పండి, అంతకుముందే రెండు అనవసరపు ఫోన్లు వచ్చాయని కూడా చెప్పండి. మూడో ఫోన్ తడబడుతూ, సగం సగం వాక్యాలతో రావాలి, ఎందుకంటే నిజంగా భయపడ్డ మనిషి నాలుగు మెట్లూ వరసగా ఎక్కడు. ఇప్పుడు మార్కులు వేయండి. మధ్యలో అడ్డుపడకుండా విన్నాడా? "మీకేమనిపిస్తోంది?" అని అడిగాడా? విన్నది తిరిగి చెప్పి సరిచూసుకున్నాడా? రానని అనాలనుకుంటే కారణం చెప్పి, ఏం మారితే మళ్లీ ఫోన్ చేయాలో చెప్పాడా?

మార్కులు వేసే కుర్చీలో మాత్రం ఇరవై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసిన నర్సు కూర్చోవాలి.